నేను గీసిన చిలుక

పెళ్లయిన ఏడాది శ్రావణమాసంలో, నేను గీసిన చిలుక నాకంటే ముందు సూరత్ అంతా తిరిగేసింది.

నేనైతే అప్పటికి మేముండే పర్వత్ పాటియా దాటి నాలుగు చోట్లకు కూడా పోలేదు. పెళ్లయ్యాక మూడు వారాలు సూరత్‌లో ఉన్నాను. ఆషాఢం రాగానే అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదంటూ నన్ను సిరిసిల్లకు, పుట్టింటికి పంపించారు. శ్రావణం మొదటి రోజునే తిరిగొచ్చాను. స్టేషన్‌కు ప్రణయ్ ఒకే ఒక్క రెయిన్‌కోటుతో వచ్చాడు. రెండోది మరిచిపోయానన్నాడు. మరిచిపోలేదని నాకు తెలుసు. ఆ ఒక్కదాంట్లోనే ఇద్దరం దూరి, బైకు మీద సగం సగం తడుస్తూ, దారిలో ఆగి లోచో తిన్నాం. ఆవిరి మీద ఉడికిన సెనగపిండి ముద్ద మీద నూనె, సన్న సేవు, పచ్చి ఉల్లిపాయ. నెల రోజుల తర్వాత కనిపించిన మొగుడు ఎదురుగా ఉంటే ఏది తిన్నా కమ్మగానే ఉంటుందని మా అత్త భూదేవి తర్వాత వేళాకోళం చేసింది కానీ, లోచో నిజంగానే కమ్మగా ఉంటుంది.

మాది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. లోపలి గది మాది. వంటింటి పక్క వసారాలో అత్త పడుకునేది. ముందు గదిలో ఒక బల్ల, రెండు కంప్యూటర్లు, గోడవారగా పెద్దమామ చాప. ఆ బల్లే ప్రణయ్ కంపెనీ. అతను రెండేళ్లు కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాడు, పేరు 'పోగు'. కంప్యూటర్‌లో బొమ్మ గీస్తే, ఆ బొమ్మ బట్టలో రావాలంటే ఏ పోగు పైకి లేవాలో ఏది కిందే ఉండాలో జకార్డ్ మగ్గానికి అది చెబుతుంది. పదకొండు కార్ఖానాల వాళ్లు కొన్నారు. ప్రతి ఒక్కరికీ పెన్‌డ్రైవ్‌లాంటి చిన్న తాళం ఇచ్చాడు. అది పెట్టి ఉంచితేనే ప్రోగ్రాం తెరుచుకుంటుంది.

చిలుక నాది. పెళ్లయిన రెండో వారంలో, కొత్త వెర్షన్‌లో పక్షులు కావాలి, గీస్తావా అని అడిగాడు. నేను చదివింది బీఎస్సీ కంప్యూటర్లే అయినా నాకు బొమ్మలు వచ్చు. నా పెళ్లి గోరింటాకులో ఉన్న చిలుకనే గడి గడిగా నింపుకుంటూ పోయాను. వెనక పెద్దమామ చాయ్ తాగుతూ కూర్చుని చూశాడు. చివర కంటి దగ్గర ఒక్క ఎర్ర గడి పెట్టగానే కప్పు కింద పెట్టి, "ఇగ చూస్తున్నది" అన్నాడు. ఆ మెచ్చుకోలు నాకు వారం రోజులు సరిపోయింది.

పెద్దమామ అంటే బక్కయ్య, మా మామగారి అన్న. ప్రణయ్‌కు ఏడేళ్లున్నప్పుడే మామగారు పోయారు. అప్పటి నుంచి ఆయన కార్ఖానాల పేట ఖటోదరాలో మగ్గం నడిపి ఈ ఇంటిని నడిపాడు, ప్రణయ్‌ని ఇంజనీరింగ్ చదివించాడు. భార్య లేదు, పిల్లలు లేరు. నలభై ఏళ్లుగా సూరత్‌లో ఉన్నా ఆయన హిందీ మాట్లాడితే సిరిసిల్ల వినిపిస్తుంది.

శ్రావణంలో నేను వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, పొద్దున్నే ఆయన కాగితంలో చుట్టిన పది సూదులు తెచ్చి నా ముందు పెట్టాడు. కార్ఖానాలో చిన్న చిన్న కుట్లు పడుతున్నాయట, జర దారం ఎక్కించమన్నాడు. నా పెళ్లి జాకెట్టు కుట్టగా మిగిలిన మెరూన్ దారపు ఉండ నా దగ్గర ఉంది. పదింటికీ ఎక్కించి అట్టముక్కకు వరసగా గుచ్చి ఇచ్చాను. అప్పటి నుంచి అది నా పొద్దుటి పని. చాయ్ మరిగే లోపు పది సూదులు. ఇంత చిన్న పనికి ఆయన "సల్లగుండు బిడ్డా" అంటుంటే, ఇంకో పది ఇస్తే బాగుండు అనిపించేది.

ఆ చిలుకను మొదటిసారి బయట చూసింది బీఆర్టీఎస్ బస్సులో. వరాఛాలో ఏదో కొనడానికి ఒక్కదాన్నే పోతున్నాను. నా ముందు నిలబడ్డ ఆవిడ ఆకుపచ్చ చీర కట్టుకుంది. అంచు పొడుగునా నా చిలుకలు. అదే ముక్కు వంపు, అదే తోక, రెక్క మీద నేను పొరపాటున ఎక్కువ పెట్టిన అదే ఒక్క గడి. నాకు ఆవిడ భుజం తట్టి చెప్పాలనిపించింది. ఏమని చెప్పాలో గుజరాతీలో కూడబలుక్కుంటూ, అంచు కేసి మళ్లీ చూశాను.

కన్ను లేదు. ఎర్ర చుక్క ఉండాల్సిన చోట తల రంగే నున్నగా పరుచుకుని ఉంది. పక్కదానికీ లేదు. పైట వెంట చూపు పోనిచ్చాను. అన్నీ ఒకే వైపు తిరిగి, ఒక్కదానికీ కన్ను లేకుండా, వరసగా నిలబడి ఉన్నాయి. బస్సు ఊగినప్పుడల్లా అవన్నీ కలిసి ఊగుతున్నాయి.

ఇంటికొచ్చి ప్రణయ్‌కు చెప్పాను. అత్త ముందర 'మీరు' అని, గది తలుపు వేశాక 'నువ్వు' అని. "నా చిలుక కన్ను ఏం చేసినవ్ నువ్వు?"

అతను మంచం మీద వెల్లకిలా పడి నవ్వాడు. అది వల అట. పాత వెర్షన్ తాళాన్ని ఎవరో పగలగొట్టి, చాయ్ బండ్ల దగ్గర పెన్‌డ్రైవ్‌లో పెట్టి రెండు ప్లేట్ల లోచో ధరకు అమ్మేశారు. అందుకని ఈసారి లోపల ఒక మెలిక పెట్టాడు. తాళం పగలగొట్టి వాడితే అంతా మామూలుగానే పని చేస్తుంది. తెర మీద చిలుకకు కన్ను ఉంటుంది. మగ్గానికి పంపే ఫైలులో మాత్రం కన్ను మాయమవుతుంది. కొనకుండా వాడేవాడెవడో వాడి బట్టే చెబుతుంది. దీపావళి సరుకంతా మగ్గం మీద ఉండే రోజుల్లో, దసరా దాటగానే, ఒక్కో కార్ఖానాకు పోయి వాళ్ల బట్టే వాళ్ల బల్ల మీద పెడతాడు. వకీలు అక్కర్లేదు, గొడవ అక్కర్లేదు. ఆ సమయంలో పని ఆపుకోలేరు కాబట్టి కొంటారు.

"లేకుంటే?" అన్నాను.

"లేకుంటే బంద్ చేయాలె. రెండు నెలల నుంచి ఒక్కడు కొత్తోడు రాలే. ఉన్నోళ్లల్ల ఒకడు గూడ తాళం తిరిగిచ్చి దొంగది పెట్టుకున్నడు. ఊరికే వస్తుంటే ఎవడు కొంటడు చెప్పు."

నేను దాన్ని ఆటగా తీసుకున్నాను. కొత్తగా పెళ్లయిన వాళ్లకు ఏదైనా ఆటే. బయటికి పోయినప్పుడు కన్నులేని చిలుకను ఎవరు ముందు చూస్తే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు చాయ్ పెట్టాలి. స్కూటర్ మీద పోతున్న పెళ్లికూతురి ఓణీలో నేను చూశాను. మంగలి షాపు పరదాలో అతను చూశాడు. పసిపాప మీద కప్పిన బట్టలో ఇద్దరం ఒకేసారి చూశాం. ప్రతిసారీ ఎవరి దగ్గర నేసిందో కనుక్కుని ప్రణయ్ ఫోన్‌లో రాసుకునేవాడు. భాద్రపదం వచ్చేసరికి నలభై కార్ఖానాలు తేలాయి.

వినాయకచవితికి మా వీధి చివర పందిరి వేశారు. అత్తతో కలిసి దండం పెట్టుకోవడానికి పోయాను. విగ్రహం వెనక ఇరవై అడుగుల పరదా. ఏ వ్యాపారో బట్ట చుట్ట చుట్టంతా ఇచ్చినట్టున్నాడు. నేల నుంచి పైదాకా నా చిలుకలు. వందలు కాదు, అంతకంటే ఎక్కువే. వెనక నుంచి ఫ్యాను గాలికి పరదా ఉబ్బి, మళ్లీ లోపలికి పోతోంది. ఊపిరి తీస్తున్నట్టు. అన్నిటి తలలూ నా వైపే తిరిగి ఉన్నాయి. చూపు ఉన్నవైతే నన్ను దాటి ఇంకెక్కడో చూసేవి. చూపు లేకపోవడం వల్ల, నేనెక్కడున్నానో చెవులతో వెతుకుతున్నట్టు అనిపించింది. నేను కదిలితే గాజుల చప్పుడవుతుందేమోనని చేతులు కదల్చకుండా నిలబడ్డాను. "దండం పెట్టుకోవేందే" అని అత్త మోచేత్తో పొడిచింది.

ఆ రోజు నుంచి నేను ఆట మానేశాను. ప్రణయ్ చూపించినా గెలుపు అతనికే వదిలేసి చాయ్ పెట్టేదాన్ని.

పెద్దమామ రాక కూడా ఆలస్యం కాసాగింది. షిఫ్టు ఏడింటికి అయిపోతే తొమ్మిదింటికి వచ్చేవాడు. దీపావళి ముందు పని ఎక్కువే కదా అనుకున్నాం. కంచంలో కూర ఎక్కడుందో వేలితో తడిమి చూసుకునేవాడు. నేను వడ్డించి ఎదురుగా కూర్చుంటే, నా ముఖం కాకుండా నా చెవి పక్కన ఏదో చూస్తున్నట్టు మాట్లాడేవాడు. పది సూదులు ఇరవై అయ్యాయి. నేను సంతోషంగా ఎక్కించాను.

బతుకమ్మ దగ్గర పడుతుంటే అత్త నన్ను చీరల మార్కెట్‌కు తీసుకుపోయింది. ఒక దుకాణంలో ఆమె ముదురు పసుపు చీర చేతిలోకి తీసుకుని, దాన్ని వదల్లేదు. ఎప్పుడూ చీర మీద లోపాలు వెతికే మనిషి. "గిది చూడే, ఎంత మంచిగున్నయో. ఒక్కోటి ఒక్క తీరు" అంది.

నా చిలుకలే. వీటికి కళ్లున్నాయి.

ముందు ప్రాణం కుదుటపడింది. తర్వాత దగ్గరికి తీసుకుని చూశాను. ఒకటి పక్కదాన్ని చూస్తోంది. ఒకటి దుకాణం కప్పును చూస్తోంది. ఒకటి కింద ఏదో పడితే చూస్తున్నట్టు వంగి చూస్తోంది. నేను గీసింది ఒక్కటే చిలుక. దానికి ఒక్కటే చూపు. మగ్గం అయితే వెయ్యిసార్లు నేసినా ఆ చూపే నేస్తుంది. చీర మడత విప్పుకుంటూ పోయిన కొద్దీ చూపులు మారుతూనే ఉన్నాయి. కుచ్చిళ్ల దగ్గర ఒకటి సూటిగా నన్ను చూసింది. నేను చీర కింద పెట్టేశాను. అత్త కొనేసింది.

ఇంటికొచ్చాక ప్రణయ్ చీర తిరగేసి, ఫోన్ లైటు వేసి వెనక భాగం చూశాడు. ప్రతి కంటి వెనకా చిన్న ముడి. ఇవి నేసిన కళ్లు కావు, ఎవరో చేత్తో కుట్టినవి. దుకాణం వాడు కార్ఖానా పేరు చెప్పలేదు, ఖటోదరాలో నేసిందన్నాడు. ఖటోదరాలో మా తాళం కొన్నవాళ్లెవరూ లేరు. అంటే దొంగ కాపీయే. కానీ కళ్లుంటే ఏం నిరూపిస్తాం అని ప్రణయ్ చిరాకు పడ్డాడు. అంత ఓపిక ఎవడికుందని అడిగాడు.

నేను ముడి మీద వేలు పెట్టి చూస్తున్నాను. మెరూన్ దారం. కొంచెం పట్టు కలిసింది. ఆ రంగు కోసం నేను కరీంనగర్‌లో నాలుగు దుకాణాలు తిరిగాను. రోజూ పొద్దున నేను ఎక్కిస్తున్న దారమే అది. ప్రణయ్‌కు ఆ మాట చెప్పలేదు. ముందు నా కళ్లతో చూడాలనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం, పెద్దమామ టిఫిన్ డబ్బాలో పచ్చడి పెట్టడం మరిచిపోయానని అత్తకు చెప్పి, రిక్షాలో ఖటోదరా పోయాను. కార్ఖానాలోకి అడుగు పెట్టగానే నేల కాళ్ల కింద వణికింది. మగ్గాల మోతలో మాట వినపడదు. ఎవరి మగ్గం దగ్గర వాళ్లు తల వంచుకుని ఉన్నారు. ఒరియా కుర్రవాడొకడు పెదవులు కదిపి, వెనక గది వైపు వేలు చూపించాడు.

నేసిన బట్ట మడతలు పెట్టే గది అది. ట్యూబ్‌లైటు కింద చాప మీద పెద్దమామ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో చీర. ముఖానికి నాలుగు వేళ్ల దూరంలో బట్ట. మగ్గం మీద చీర తలకిందులుగా నేస్తారు, నేసేవాడికి వెనక వైపే కనిపిస్తుంది. మంచి వైపు చూసుకోవడానికి అడుగున చిన్న అద్దం పెట్టుకుంటారు. ఆ అద్దం ఆయన మోకాలి పక్కన ఉంది. పక్కన అట్టముక్కకు గుచ్చిన నా సూదులు, సగం ఖాళీ. ఒక కన్ను కుట్టి దారం కొరికి, తల ఎత్తకుండానే, దారాలు కత్తిరించే ఆడవాళ్లలో ఒకరనుకున్నాడేమో, నన్ను హిందీలో అడిగాడు. ఇది ఎటు చూస్తోందో చెప్పమని.

వంగి చూశాను. "నా దిక్కు" అన్నాను తెలుగులో.

ఆయన చేయి ఆగిపోయింది. తర్వాత చాప మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు. "ప్రణయ్‌కు చెప్పకు బిడ్డా."

ఆయన చెప్పింది ఇది. శ్రావణంలో కార్ఖానా సేఠు కొత్త డిజైన్ అంటూ తెచ్చాడు. చూడగానే నా చిలుకని గుర్తుపట్టాడు. మా పోరని ప్రోగ్రాం మా సేఠు కూడా కొన్నాడని ఆ రోజంతా ఒళ్లు పొంగిపోయిందట. సాయంత్రం అద్దం పెట్టి చూసుకుంటే చిలుకకు కన్ను కనబడలేదు. హుక్కులు చూశాడు, దారాలు మార్చాడు, మగ్గం ఆపి మళ్లీ నడిపాడు. సేఠుకు చెబితే ఆయన బట్ట కేసి చూడనైనా చూడకుండా కంప్యూటర్ తెర చూపించాడు. "కన్ను ఉంది కదా, నీకే కనబడట్లేదు ముసలోడా" అన్నాడు. పక్క మగ్గం లింగమూర్తిని అడిగాడు. ఇద్దరిదీ ఒక ఊరే, ఒకే ఏడు సూరత్ వచ్చారు. అతనికీ కనబడలేదు. నలభై ఏళ్లు ఒకే లైటు కింద పని చేసినవాళ్లం, ఇద్దరివీ ఒక్కసారే పోయాయి అనుకున్నారు. లింగమూర్తి భయపడి, చవితికి ముందే మగ్గం దిగి ఊరికి పోయాడు.

"మరి నువ్వు గిట్ల కుట్టుడెందుకు పెద్దమామా?"

"కంప్యూటర్ తప్పు చెయ్యది గదా. అది చేసింది మన ప్రణయ్. తప్పు నాదే ఉంటది. కన్ను లేని చిలుక బజార్ల పడితే వాని పేరు ఖరాబైతది." చీరను చేత్తో తడిమాడు. "ఉన్నదో లేదో నాకు తెలుస్తలేదు. ఉన్న కన్ను మీద ఇంకో కన్ను పడితే పడనీ. లేకుంటే లేనట్టు ఉండద్దు."

ఆ మధ్యాహ్నమే ప్రణయ్‌కు అంతా చెప్పాను. అతను ఆన్ చేయని తెర ముందు కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా లెక్క చెప్పాడు. పెద్దబాపుకు, అంటే పెద్దమామకు, చెబితే ఆయన దాచలేడు, సేఠుకు చెప్తాడు. ఒక్క సేఠుకు తెలిస్తే సాయంత్రానికి ఖటోదరా అంతా తెలుస్తుంది. తాళం పగలగొట్టినవాడే వలను కూడా తీసి పారేస్తాడు. ఆ తర్వాత కొనేవాడెవడూ ఉండడు. దసరాకు పదకొండు రోజులే ఉన్నాయి.

"పదకొండు రోజులే సుమనా" అన్నాడు. అతను తప్పు చెప్పలేదు. నేనూ కాదనలేదు.

నాలుగు పొద్దులు నేను సూదులు ఎక్కించాను. తెలిసే ఎక్కించాను. ఆయన "సల్లగుండు బిడ్డా" అంటుంటే చాయ్ గిన్నె వైపు తిరిగి నిలబడేదాన్ని.

ఐదో రోజు సాయంత్రం నలుగురం కింద కూర్చుని తింటున్నాం. పెద్దమామ మెతుకులు కలుపుతూ, మామూలు కబురులా చెప్పాడు. సేఠుతో మాట్లాడాడట, దసరా దాకా చేసి మగ్గం దిగుతానన్నాడట. ఇక కళ్లతో పని లేని పని ఏదైనా చూసుకుంటాడట, వాచ్‌మెన్ పనయినా సరేనట. ఉన్న చూపుతో ప్రణయ్ పిల్లల్ని చూస్తే చాలు అని నా వైపు, కాదు నా చెవి పక్కకు, చూసి నవ్వాడు.

ప్రణయ్ సగం తిన్న కంచం ముందు నుంచి లేచి చేయి కడుక్కున్నాడు. ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. తెరవలేదు. దాని మీద చేయి పెట్టుకుని అన్నాడు.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయ్ పెద్దబాపూ. చిలుకల కండ్లు నేనే తీసేసిన."

ఎందుకో, ఎట్లాగో రెండు ముక్కల్లో చెప్పాడు. సేఠు కొనలేదని, దొంగది పెట్టుకున్నాడని చెప్పాడు. పెద్దమామ నోట్లో ముద్ద నమిలి మింగాడు. నీళ్లు తాగాడు. కోప్పడతాడని నేను ఎదురుచూశాను, ప్రణయ్ కూడా ఎదురుచూశాడనుకుంటా.

"మా ఒక్క కార్ఖానాలనేనా?" అని అడిగాడు.

"నలభైల."

"నలభైల" అన్నాడు ఆయన కూడా. "ఒక్కోదాంట్ల ఎంతమంది నాసోంటోళ్లు అద్దం పెట్టుకొని చూసిండ్రో" అన్నాడు. అంతే. కంచం ఖాళీ చేసి, చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త లేచి, కొత్త చీరను చిలుకలు లోపలికి వచ్చేట్టు మడిచి బీరువాలో అడుగున పెట్టింది. ఆ బతుకమ్మకు పాత చీర కట్టుకుంది.

మర్నాటి నుంచి ప్రణయ్ నలభై కార్ఖానాలు తిరిగాడు. కొన్నిసార్లు నేనూ వెంట పోయాను. అతను లోపల సేఠు కంప్యూటర్‌లో వల తీసేసి వస్తుంటే, నేను మగ్గాల మధ్య తిరుగుతూ వయసు మళ్లినవాళ్లెవరైనా ఉన్నారా అని చూసేదాన్ని. తప్పు మాదే, నీ కళ్లది కాదు అని చెవిలో అరిచి చెప్పేదాన్ని. కొందరు నవ్వారు. ఒకాయన నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సేఠులు చాయ్ ఇచ్చారు. ఒక్కరూ కొనలేదు. అన్నీ సరిగ్గా పని చేస్తున్న దొంగ కాపీ చేతిలో ఉంటే ఎందుకు కొంటారు. పోగులోనే లోపం ఉందట, వాడే ఒప్పుకున్నాడట అన్న మాట మాత్రం మార్కెట్ అంతా పాకింది. మాకు మిగిలిన పదిమందిలో ఆరుగురు తాళాలు తిరిగి పంపించారు. ప్రణయ్ వేరే కంపెనీలో ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. పొద్దున డబ్బా పట్టుకుని పోతాడు. మెట్ల మలుపులో ఆగి పైకి చూసి చేయి ఊపుతాడు. అది నాకు ఇప్పటికీ ఇష్టమే.

పెద్దమామను కళ్ల డాక్టర్‌కు చూపించాం. వయసుతో వచ్చే పొర తప్ప ఏమీ లేదన్నాడు. ఆయన మగ్గం దిగలేదు.

మిగిలింది లింగమూర్తి. అతని నంబర్ పని చేయలేదు. అటూ ఇటూ అడిగి, ఊళ్లో పక్కింటివాళ్ల ఫోన్ దసరా రోజు దొరికింది. స్పీకర్ పెట్టి బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. పెద్దమామ గట్టిగా, మగ్గాల మధ్య మాట్లాడుతున్నట్టే చెప్పాడు. కండ్లు పోలేదు, చిలుకలకే లేకుండె, మనోడే తీసిండు, డాక్టర్ గూడ చెప్పిండు, బండెక్కి రా అని.

లింగమూర్తి గొంతు, నెమ్మదిగా, వాన సంగతి చెబుతున్నట్టు వచ్చింది.

"మంచిదే తియ్యి. గని ఈడ మక్కచేన్లకు దినాం వస్తున్నయ్ చిలుకలు. వాటికి గూడ లేవు."

"దూరం నుంచి చూసి ఉంటవ్" అన్నాడు పెద్దమామ.

"దగ్గరికి పోయిన. వలల ఒకటి పడితే చేతిల పట్టుకొని చూసిన. నా దిక్కు మొఖం పెట్టింది బక్కన్నా. కండ్లు లేవు." "బుట్ట కింద మూసి పెట్టిన. ఇంట్లోళ్లు నన్ను చూస్తున్నరు గని దాన్ని చూస్తలేరు. నువ్వొచ్చి చూసి చెప్పు. నువ్వు చెప్తే నమ్ముత."

ఆ రాత్రి రైలుకే పెద్దమామ, ప్రణయ్ బయల్దేరారు. నాలుగో రోజు తిరిగొచ్చారు. లింగమూర్తి వాళ్లతో రాలేదు. ప్రణయ్ స్నానం చేసి, నేను పెట్టిన చాయ్ తాగి, చేను మంచిగ పండిందని చెప్పాడు. పెద్దమామ మర్నాడు పనికి పోయాడు.

నెల దాటింది. బుట్ట ఎత్తి చూశారా అని నేను అడగలేదు. వాళ్లిద్దరిలో ఎవరూ చెప్పలేదు.